తాగుడు, గంజాయి మాన్పించడానికి ప్రభుత్వ వైద్యం: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు మార్గదర్శి

ఇంట్లో ఒకరు తాగుడుకో గంజాయికో బానిసయ్యారని తెలిసిన తరువాత మన ఉత్తరాంధ్రలో చాలా కుటుంబాలు ముందు అమ్మవారికి మొక్కుకుంటాయి, ఆపైన మాల వేయిస్తాయి, అదీ ఫలించకపోతే ఎవరో చెప్పిన నాటుమందు తెచ్చి కూరలో కలుపుతాయి, చివరకు బంగారం తాకట్టు పెట్టి విశాఖపట్నంలోని ఏదో ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పిస్తాయి. జిల్లా కేంద్రంలోని సర్కారు ఆసుపత్రిలోనే దీనికి వైద్యం ఉందన్న సంగతి అన్ని ప్రయత్నాలూ అయిపోయాక గానీ వారి చెవిన పడదు. ఆలోగా కాలేయం దెబ్బతింటుంది, పని పోతుంది, పిల్లల చదువు ఆగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వం అందించే సేవలు ఏమిటో, వాటిలో ముందు ఏ గడప ఎక్కాలో, అక్కడ ఏం అడగాలో, రోగి ఇంటికి తిరిగి వచ్చాక ఏం చేయాలో ఒకచోట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వ్యసనం జబ్బు అని ముందుగా ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే ఆసుపత్రుల్లో ఈ వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అనీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచితంగా అందించాలనీ అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడినప్పుడు ఎవరినో బతిమాలుకోవడానికి వచ్చామన్న భావన పెట్టుకోనక్కరలేదు.

ఇంటి దగ్గర చేయవలసినది

ప్రయాణం కట్టే ముందు ఒక ఫోను చేయడం మంచిది. 14446 అన్నది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నడిపే వ్యసన విముక్తి సహాయ కేంద్రం నంబరు. 14416 అన్నది మానసిక సమస్యలకు ఫోనులోనే సలహా ఇచ్చే, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు. దీనికి ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. రెండూ ఉచితమే. రోగే చేయాలన్న నియమం లేదు, భార్య గానీ తల్లి గానీ చేసినా మాట్లాడతారు. రోగి ఆసుపత్రి పేరెత్తితే మండిపడే దశలో ఉన్నప్పుడు, అతనితో ఎలా మాట్లాడాలో తెలుసుకోవడానికి ఇంటివారే ముందు 14416కు ఫోను చేసుకోవడం అన్నిటికంటే ఉపయోగపడే పని అని నా అభిప్రాయం.

ఫోను తరువాత ఒక నోటు పుస్తకం తీసుకుని కొన్ని వివరాలు రాసుకోవాలి. ఏ పదార్థం వాడుతున్నారు, ఎన్నేళ్ళుగా, రోజుకు ఎంత, తెల్లవారి లేవగానే మొదటి చుక్క పడాలా, మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంతకుముందు ఎక్కడైనా వైద్యం చేయించారా, ఇప్పుడు బీపీకో చక్కెర జబ్బుకో మాత్రలు వేసుకుంటున్నారా అన్నవి అందులో ఉండాలి. వైద్యుడి గదిలో రోగి "అప్పుడప్పుడూ రెండు పెగ్గులు" అంటాడు. ఇంటామె రోజుకు రెండు క్వార్టర్లని రాసి తెచ్చిన కాగితం ముందుంటేనే మందు మోతాదు సరిగ్గా నిర్ణయించడం వైద్యుడికి వీలవుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వారైతే కిడ్నీల పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టు తప్పక తీసుకువెళ్ళాలి, ఎందుకంటే కిడ్నీల పరిస్థితిని బట్టి కొన్ని మందులు తగ్గించాలి, కొన్ని అసలు ఇవ్వకూడదు.

ఊళ్ళో ఉన్న ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కూర్చునే సిబ్బంది వ్యసనానికి వైద్యం చేయలేరు గానీ, బీపీ చూసి, కామెర్ల లక్షణాలు పట్టుకుని, పై ఆసుపత్రికి చీటీ రాసి పంపగలరు. ఇల్లు తెలిసిన మనిషి కాబట్టి రోగిని ఒప్పించడంలో ఆశా కార్యకర్త మాట చాలాసార్లు బంధువుల మాట కంటే బాగా పనిచేస్తుంది.

ఏ ఆసుపత్రికి వెళ్ళాలి

శ్రీకాకుళం జిల్లా వారికి పట్టణంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అంటే ఇప్పటికీ అందరూ రిమ్స్ అని పిలిచేది, ప్రధానమైన చోటు. విజయనగరం జిల్లా వారికి పట్టణంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, పాతవారి మాటలో మహారాజా ఆసుపత్రి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన తరువాత ఇది బోధనాసుపత్రి అయింది. రెండు చోట్లా ఓపీ కౌంటరు దగ్గర "మానసిక వైద్య విభాగం" అనో "డీ అడిక్షన్ సెంటర్" అనో స్పష్టంగా చెప్పి చీటీ రాయించుకోవాలి. కడుపునొప్పి అని చెప్పి జనరల్ ఓపీలో నిలబడితే గ్యాస్ మాత్రలతో ఇంటికి రావలసి వస్తుంది. సిగ్గుపడి ఇలా చేసినవారు ఎందరో ఉన్నారు. ఆధార్ కార్డు, బియ్యం కార్డు, పాత చీటీలు, రెండు జతల బట్టలు, తోడుగా ఉండగలిగే ఒక మనిషి ఉండాలి. ఓపీకి ఉదయాన్నే చేరుకుంటే రక్తపరీక్షలు కూడా ఆ రోజే పూర్తవుతాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకీ, రాజాం విజయనగరంలోకీ వెళ్ళాయి. దాంతో "మనది ఏ జిల్లా ఆసుపత్రి" అన్న సందేహం చాలామందికి మిగిలిపోయింది. వైద్యానికి జిల్లా సరిహద్దు అడ్డు కాదు. రాజాం నుంచి శ్రీకాకుళం దగ్గరనిపిస్తే అక్కడికే వెళ్ళవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వైపువారు బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళడం ఎప్పటి నుంచో ఉన్నదే, కాకపోతే తరువాతి కౌన్సెలింగ్ తెలుగులో దొరకడం ముఖ్యం కాబట్టి అవకాశం ఉంటే శ్రీకాకుళం రావడమే నయం. పరిస్థితి మరీ తీవ్రంగా, మతిస్థిమితం తప్పినట్టుగా ఉంటే విశాఖలో కేజీహెచ్‌కు గానీ, వాల్తేరు ప్రాంతంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ ఇక్కడి వైద్యులే పంపుతారు.

ఆసుపత్రులు కాక, కేంద్ర ప్రభుత్వ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు కూడా ఉంటాయి. ఉచితంగా కొన్ని వారాల పాటు ఉంచుకుని కౌన్సెలింగ్ ఇచ్చే ఈ కేంద్రాల్లో ప్రస్తుతం మీకు దగ్గరలో ఏది పనిచేస్తోందో 14446లో అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి కేంద్రాల జాబితా మారుతూ ఉంటుంది గనుక పాత కరపత్రం నమ్ముకుని బయలుదేరవద్దు.

ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు ఈ భాగం చదవాలని కోరుకుంటాను. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడి మెదడు మద్యానికి అలవాటుపడి ఉంటుంది. ఆ మనిషికి హఠాత్తుగా మద్యం అందకుండా చేస్తే చివరిసారి తాగిన ఆరు గంటల తరువాత నుంచే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతుంటే అది ఆ లక్షణమే. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదిరిపోయి, లేని మనుషులు కనబడుతున్నారనీ, ఒంటిమీద పురుగులు పాకుతున్నాయనీ అంటారు. ఎక్కడున్నదీ తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది. వైద్యం అందకపోతే ఈ దశలో ప్రాణం పోవచ్చు. ఇది గాలి సోకడమూ కాదు, దెయ్యం పట్టడమూ కాదు, వెంటనే 108కి ఫోను చేయవలసిన అత్యవసర పరిస్థితి.

మన ఊళ్ళలో ఇది ఎక్కువగా మూడు సందర్భాల్లో జరుగుతుంది. మాల వేసుకున్న రోజునుంచి ఒక్కసారిగా మానేసినవారికి, ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసినవారికి, కాలు విరిగో మరో జబ్బుతోనో ఆసుపత్రిలో చేరి తాగుడు సంగతి దాచినవారికి. మాల వేసుకోవాలన్న సంకల్పం ఎంతో మంచిది, దాన్ని ఎవరూ నిరుత్సాహపరచకూడదు. అయితే రోజూ తాగే మనిషి దీక్షకు ముందు మానసిక వైద్యుడిని కలిసి, మాత్రల సాయంతో వారం పది రోజుల్లో మాని, ఆ తరువాత మాల వేసుకుంటే దీక్ష నిర్విఘ్నంగా సాగుతుంది. దీక్ష విరమించిన తరువాత కూడా ఆ నిగ్రహం నిలవాలంటే ఆసుపత్రితో సంబంధం తెగకూడదు. ఇక ఆపరేషను కోసం చేరినవారు మత్తు డాక్టరుకు తాగుడు గురించి నిజం చెప్పి తీరాలి.

వణుకు మొదలవగానే ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకువెళ్ళి గ్లూకోజు సెలైన్ ఎక్కించడం మన దగ్గర మామూలు. ఇందులో తెలియని ప్రమాదం ఉంది. ఎక్కువగా తాగేవారి ఒంట్లో థయామిన్ అనే బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, ఆ స్థితిలో ముందు థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, నడక తడబడి, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే అవకాశం ఉంటుంది. ఆసుపత్రిలో మొదట బి1 ఇంజెక్షను ఇచ్చేది అందుకే. దారి మధ్యలో ఎక్కడైనా సెలైన్ పెట్టవలసి వస్తే "రోజూ తాగే మనిషి, బి1 ఇచ్చారా" అని తోడున్నవారు అడగడం ప్రాణాన్నీ మెదడునూ కాపాడే ప్రశ్న.

రహస్యంగా కూరలోనో చారులోనో కలిపే మాత్రల గురించి కూడా గట్టిగా చెప్పాలి. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం కందిపోయి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె జబ్బు ఉన్నవారైతే చనిపోవచ్చు. మాత్ర మానేసిన తరువాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. రోగికి అన్నీ వివరించి, అతను ఒప్పుకున్నాక, పరీక్షలు చేసి వైద్యుడు మొదలుపెడితే ఇది కొందరికి చక్కగా ఉపయోగపడే మందే. తెలియకుండా పెడితే మాత్రం అది విషం పెట్టడంతో సమానం. "మూడు డోసుల్లో మాన్పిస్తాం" అని గోడల మీద రాసి అమ్మే పొడుల్లో ఏముందో కొన్నవారికి తెలియదు.

వార్డులో ఏం జరుగుతుంది

వణుకు, నిద్రలేమి, ఫిట్స్ రాకుండా మొదటి వారం పది రోజులు మాత్రలు ఇచ్చి, వాటిని రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. కాలేయం, రక్తం, చక్కెర పరీక్షలు చేస్తారు. ఒళ్ళు కుదుటపడ్డాక మద్యం మీద యావ తగ్గించే మందుల గురించి, ఇంటికి వెళ్ళాక ఎలా ఉండాలన్న దాని గురించి కౌన్సెలింగ్ మొదలవుతుంది. ఈ కౌన్సెలింగ్‌కు భార్య గానీ తల్లిదండ్రులు గానీ కూడా హాజరు కావాలి. పదో రోజున మనిషి ముఖం తేటపడి, కడుపునిండా తింటున్నాడని చూసి "నయమైపోయింది, ఇంటికి తీసుకుపోతాం" అని సంతకం పెట్టి వచ్చేసేవారు చాలామంది. అప్పటికి ఒంట్లో విషం మాత్రమే దిగింది, అలవాటు ఇంకా అలాగే ఉంది.

గంజాయికి ఇలాంటి ప్రాణాంతకమైన విడుపు లక్షణాలు సాధారణంగా ఉండవు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. గంజాయికి నేరుగా పనిచేసే ప్రత్యేకమైన మాత్ర లేదు కాబట్టి వైద్యమంతా కౌన్సెలింగ్ మీద, నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మందుల మీద నడుస్తుంది. అయితే కుర్రవాడు తనలో తాను మాట్లాడుకుంటున్నా, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారంటున్నా, నాలుగైదు రోజులుగా నిద్రపోకపోయినా వాయిదా వేయకుండా అదే రోజు మానసిక వైద్యుడికి చూపించాలి. నొప్పి మాత్రలు, దగ్గు మందులు, సూదుల ద్వారా తీసుకునే మత్తుమందుల విషయంలో బుప్రెనార్ఫిన్ వంటి మందులతో వైద్యం ఉంది. సూది వాడినవారు హెచ్‌ఐవీ, కామెర్ల పరీక్షలు కూడా చేయించుకోవాలి.

పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అన్న క్విట్‌లైన్ ఉంది. మన తీరప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్ళలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా మిగిలి ఉంది. దీనివల్ల అంగిలి మీద క్యాన్సరు వస్తుంది కాబట్టి, వారిని ఒకసారి ప్రభుత్వ దంత వైద్యుడికి చూపించి అంగిలి పరీక్ష చేయించండి.

పోలీసులు పట్టుకుంటారన్న భయం

గంజాయి విషయంలో తల్లిదండ్రులను ఆసుపత్రికి రానివ్వనిది ఈ భయమే. వైద్యం కోసం వచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. సేవించిన నేరం మీదో, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరం మీదో అభియోగం ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి వైద్యం పూర్తి చేసుకుంటే, అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదని ఆ సెక్షన్ చెబుతోంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఈ రక్షణ పోవచ్చు. గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో వరకు. అంటే అంత దగ్గర ఉంచుకోవచ్చని కాదు, దానికీ శిక్ష ఉంది. అమ్మకానికో రవాణాకో ఈ రక్షణ వర్తించదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు మీదుగా సరుకు చేరవేసేవారు కుర్రవాళ్ళకు నాలుగు వేలో ఐదు వేలో ఆశ చూపి సంచి మోయిస్తారు, ఆ కుర్రవాడు వాడేవాడే అయినా చట్టం దృష్టిలో రవాణాదారు అవుతాడు. ఈ తేడాను పిల్లలకు విడమరిచి చెప్పాలి.

కేసు ఇప్పటికే నమోదై ఉంటే జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళండి, లేదా 15100కు ఫోను చేయండి. అర్హత ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. మాదకద్రవ్యాల బాధితులకు న్యాయ సేవల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2015లో ప్రత్యేక పథకమే రూపొందించింది.

రోగి రానంటే

కాళ్ళూ చేతులూ కట్టి ఆటోలో వేసుకుపోవడం చట్టానికీ విరుద్ధం, వైద్యానికీ చేటు. రోగి తనంతట తాను చేరితే అది స్వతంత్ర ప్రవేశం, కోరినప్పుడు వెళ్ళిపోయే హక్కు అతనికి ఉంటుంది. తనకో ఇతరులకో హాని తలపెడుతున్నా, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నా, అతని నామినీ ప్రతినిధి, అంటే వైద్యం విషయంలో అతని తరఫున మాట్లాడే మనిషి, ఇచ్చిన దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, సమ్మతి లేకపోయినా 30 రోజుల వరకు చేర్చుకునే వీలు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కల్పించింది. నామినీ ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. మనిషి మామూలుగా ఉన్న రోజుల్లోనే భార్య పేరో అన్న పేరో రాయించి పెట్టుకుంటే ఆపదలో ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

తాగి వచ్చి కొడుతున్నప్పుడు ఓర్చుకోవడం వైద్యంలో భాగం కాదు. 112 పోలీసులకు, 181 మహిళా సహాయ కేంద్రానికి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి, అక్కడ తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసుకు చెప్పినా దారి చూపిస్తారు. భర్తకు వైద్యం చేయించడానికీ, తనను తాను కాపాడుకోవడానికీ ఒకేసారి ప్రయత్నించే హక్కు ఆ ఇల్లాలికి ఉంది.

డబ్బు పెట్టి ప్రైవేటు కేంద్రంలో చేర్పించే ముందు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదు కాని కేంద్రం నడపడం నేరం. కాబట్టి మొదట అడగవలసింది రిజిస్ట్రేషన్ పత్రం. మానసిక వైద్యుడు వారంలో ఎన్ని రోజులు వస్తారు, రాత్రివేళ ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, కుటుంబ సభ్యులు ఫోనులో మాట్లాడవచ్చా అని అడగండి. "రెండు నెలలు చూడటానికి రావద్దు, ఫోను వద్దు" అనే చోట మనిషిని వదిలిపెట్టకండి. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు కొట్టించడం, కూలి ఇవ్వకుండా పని చేయించడం చట్టం నిషేధించిన పనులు. మా ప్రాంతంలో ఒక కుటుంబం పొలం కుదువపెట్టి ఇలాంటి చోట మూడు నెలలు ఉంచితే, ఆ కుర్రవాడు ఒంటినిండా దెబ్బలతో, చికిత్స అన్న మాటంటేనే వణికిపోయే స్థితిలో తిరిగి వచ్చాడు. తరువాత సర్కారు ఆసుపత్రి మెట్లు ఎక్కించడానికి అతని తల్లికి ఏడాది పట్టింది.

ఇంటికి వచ్చాక

అసలు వైద్యం ఇప్పుడు మొదలవుతుంది. డిశ్చార్జి చీటీలో తరువాతి ఓపీ తేదీ రాయించుకుని, ఆ తేదీన బాగున్నా బాగులేకపోయినా వెళ్ళాలి. మొదటి నెలల్లో తరచుగా, తరువాత నెలకోసారి, కనీసం ఏడాది పాటు ఈ రాకపోకలు సాగాలి. మాత్రలు భార్య చేతిమీదుగా రోగి తానే వేసుకునే ఏర్పాటు చేసుకోవాలి, అది కూడా వైద్యుడి ముందే ఇద్దరూ మాట్లాడుకున్నాక.

మొదటి ఏడాదిలో ప్రమాదకరమైన రోజులు ముందే తెలుస్తాయి. కనుమ పండుగ, ఊరి జాతర, విజయనగరంలో సిరిమానోత్సవం, బంధువుల ఇంట పెళ్ళి, చావు, కూలి డబ్బులు చేతికొచ్చే రోజు. ఈ రోజుల్లో ఎవరితో ఉండాలి, ఎవరింటికి వెళ్ళకూడదు, స్నేహితుడు గ్లాసు చేతికిస్తే ఏమనాలి అన్నది వారం ముందే ఇంట్లో కూర్చుని అనుకోవాలి. "మాత్రలు వేసుకుంటున్నాను, తాగితే ఆసుపత్రిపాలవుతాను" అన్న ఒక్క మాట బలవంతపెట్టేవారిని చాలావరకు ఆపుతుంది. ఆ రోజు కూలి డబ్బులు అతని సమ్మతితో నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోవడం కూడా చిన్న ఉపాయమే గానీ బాగా పనిచేస్తుంది.

వేటకు గుజరాత్‌లోని వెరావల్ వైపు వెళ్ళే మత్స్యకారులు, చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్ళే భవన నిర్మాణ కూలీలు వైద్యం మధ్యలో ఊరు వదలవలసి వస్తుంది. వెళ్ళే ముందు వైద్యుడికి ఆ సంగతి చెప్పి, మందుల చీటీ స్పష్టంగా రాయించుకుని, వీలైనన్ని రోజులకు మందులు తీసుకోవాలి. అక్కడి నుంచి 14416కు ఫోను చేసి తెలుగు భాష ఎంచుకోవచ్చు. మళ్ళీ తాగడం జరిగితే, చాలామందికి జరుగుతుంది కూడా, "ఇంత ఖర్చు చేశాం, అంతా వృథా" అని నిందించకుండా ఆ వారంలోనే తిరిగి ఓపీకి తీసుకువెళ్ళాలి. చక్కెర జబ్బువాడికి చక్కెర పెరిగితే ఆసుపత్రికి తీసుకుపోతాం, తిట్టి ఇంట్లో కూర్చోబెట్టం. దీనికీ అదే పద్ధతి.

పిల్లలు, బడి, ఊరు

పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ వంటివి గుడ్డలో వేసి పీల్చే పిల్లలు పట్టణాల్లో కనిపిస్తున్నారు. బట్టలకు జిగురు వాసన, నోటి చుట్టూ పొక్కులు, మూత తీసిన ట్యూబులు జేబులో దొరకడం గుర్తులు. అలాంటి పిల్లవాడు కనబడితే 1098కి చెప్పాలి. పిల్లలకు మద్యమో, మత్తుపదార్థమో, పొగాకో ఇచ్చేవారికి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మడం 2003 చట్టం ప్రకారం నిషిద్ధం. బడి గేటు ఎదుటి బడ్డీలో గుట్కా వేలాడుతుంటే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి పోలీసు స్టేషనులో ఇవ్వవచ్చు.

గంజాయి అమ్మకాల గురించి సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో 2024 నవంబరులో ఏర్పాటైన ఈగల్ అనే మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగం నంబరు 1972 ఉంది. కళాశాలల్లో, పాఠశాలల్లో ఈగల్ క్లబ్బులు ఏర్పాటు చేస్తున్నారు. మీ పిల్లల బడిలో ఆ క్లబ్బు ఉందో లేదో, ఉంటే సభ్యులైన ఉపాధ్యాయులు ఎవరో అడగండి. వాడుతూ దొరికిన విద్యార్థికి టీసీ ఇచ్చి పంపేయడం కంటే కౌన్సెలింగ్‌కు పంపడం అవసరమని ఆ ఉపాధ్యాయులతో తల్లిదండ్రులు మాట్లాడి ఒప్పించాలి. చదువు ఆగిన పిల్లవాడు నేరుగా గంజాయి సంచి మోయించేవారి చేతిలోనే పడతాడు. నాటుసారా సంగతి ఎక్సైజ్ స్టేషనుకు చెప్పాలి. ఇందులో డ్వాక్రా సంఘాల శక్తిని తక్కువగా అంచనా వేయవద్దు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమమే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది.

సేవ అందకపోతే

ఆసుపత్రిలో మందు లేదన్నా, పడక లేదన్నా, మర్యాద తప్పి మాట్లాడినా ముందు సూపరింటెండెంట్‌ను కలవాలి. అక్కడ పరిష్కారం కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలి. మాదకద్రవ్యాల నియంత్రణపై జిల్లా స్థాయి సమన్వయ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు గనుక ఆ అర్జీ చేరవలసిన చోటికే చేరుతుంది. అర్జీలో రోగి పేరు బహిరంగంగా రాయనక్కరలేదు. ఏ తేదీన, ఏ విభాగంలో, ఏ సేవ అడిగితే ఏమన్నారో నాలుగు వాక్యాల్లో రాసి, ఓపీ చీటీ నకలు జతపరచి, అర్జీ నంబరు ఉన్న రసీదు తీసుకోవాలి.

వ్యక్తిగత ఫిర్యాదు కాకుండా ఊరి తరఫున అడగదలచినవారు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో జిల్లా ఆసుపత్రి పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు. తెల్లకార్డు ఉన్నవారికి రుసుము లేదు, జవాబు 30 రోజుల్లో రావాలి. డీ అడిక్షన్ సెంటర్‌లో ఎన్ని పడకలు మంజూరయ్యాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, మానసిక వైద్యుల పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, గత ఏడాది ఏయే నెలల్లో మందుల కొరత ఏర్పడింది, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏయే మండలాలకు ఏయే తేదీల్లో వెళ్ళింది అని వేర్వేరు ప్రశ్నలుగా అడగాలి. సోంపేట, మందస, మెంటాడ వైపు పల్లెల నుంచి జిల్లా కేంద్రానికి నెలనెలా వచ్చిపోవడం కూలి మనిషికి రెండు రోజుల సంపాదన పోగొట్టే పని కాబట్టి, మీ మండలంలోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి మానసిక వైద్యుడు నెలకు కనీసం ఒక నిర్ణీత రోజున రావాలని గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ తీర్మానం నకలును జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, కలెక్టరుకు పంపండి.